కేంద్రకంలో దొంగ

ఈ రోజు ఐసు నేనే తెచ్చాను. ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడి దిమ్మ కోయించి, గోనెపట్టాలో చుట్టించి, సైకిలు వెనక కట్టుకుని, దారిలో ఎక్కడా ఆగకుండా వచ్చాను. చక్కెర నేనే తూచాను. ఎలుకను కోసింది నేను, దాని ఊపిరితిత్తులు తీసి చల్లటి చక్కెర నీళ్లలో కత్తిరించింది నేను, గాజు రోలులో పదిసార్లు నూరింది నేను, పలుచటి గుడ్డలో వడగట్టింది నేను. నా హెల్పరు గట్టయ్య చెయ్యి దేనికీ తగల్లేదు. రెండున్నరకు వాడి చేతిలో ఒక చిట్టీ పెట్టి, మెయిన్ ఆఫీసులో మనుషులను పనులకు వేసే లింగమూర్తి సారుకు ఇచ్చి రమ్మని పంపించేశాను. ఇప్పుడు సెంట్రిఫ్యూజ్ తిరుగుతోంది, దవాఖాన వెనకాల ఈ రేకుల షెడ్డులో నేనూ అదీ తప్ప ఎవరూ లేరు, ఇంక ఎవరు చెడగొడతారో చూస్తాను.

పది నిమిషాలు తిరగాలి. గట్టయ్య దీన్ని గిర్నీ అంటాడు. పిండిమర లాగే మోత పెడుతుంది మరి. గాజు రోలును అద్దం రోలు అంటాడు. వచ్చిన కొత్తలో నాకు నవ్వొచ్చేది, నన్ను ఇక్కడికి పంపిన హైదరాబాదు డాక్టరు గారికి ఉత్తరంలో కూడా రాశాను, ఇక్కడ నాకిచ్చిన మనిషి భలే సరదాగా ఉంటాడండీ అని. ఆరు నెలల కిందటి మాట అది. అప్పటికి నాకు కళ్లు తెరుచుకోలేదు. చెప్పుకోవడానికి పని చిన్నదే. బొగ్గు దుమ్ము పీల్చిన ఎలుకల ఊపిరితిత్తుల్లో కణాలను పగలగొట్టాలి, కణం మధ్యలో ఉండే కేంద్రకాన్ని ఒక పక్కకూ, దాని చుట్టూ ఉండే కణద్రవ్యాన్ని ఒక పక్కకూ తీయాలి, దుమ్ము వల్ల కేంద్రకంలోని ప్రొటీన్లు మారుతున్నాయో లేదో చూడాలి. యంత్రంలో తిప్పితే బరువైన కేంద్రకాలు ట్యూబు అడుగుకు దిగి ముద్ద కడతాయి, కణద్రవ్యం పైన నిలుస్తుంది. పైది వంపేస్తే కిందిది మిగులుతుంది. బియ్యం కడిగే ఏ ఆడమనిషైనా చేసే పనే. రెండూ సరిగ్గా వేరుపడ్డాయా అని చెప్పడానికి ఒక సాక్షి ఉంది, ఎల్.డి.హెచ్ అనే ఎంజైము. దాని కాపురం కణద్రవ్యంలో, కేంద్రకంలో దానికి పని లేదు. మందులు కలిపినప్పుడు కేంద్రకాల ముద్దలో గోధుమరంగు తేలిందంటే అది లోపలికి దూరిందన్నమాట. నేను హైదరాబాదులో ఉన్నంతకాలం ఒక్కసారీ తేలలేదు. ఇక్కడికొచ్చిన ఆరు నెలల్లో తేలని రోజు లేదు, పదోవంతు ఎంజైము ఉండకూడని చోట ఉంటోంది. అదే జాతి ఎలుక, అదే చక్కెర, అదే పుస్తకం, అవే చేతులు. మారిందల్లా ఊరు, పక్కనున్న మనిషి. ఎవరైనా ఏమనుకుంటారు?

ముందు నాకు అనుమానం వచ్చింది స్పిరిట్ మీద. సీసాకు పెన్సిలుతో గీత పెట్టాను, రోజూ గీత కిందికి ఒక నూలు పోగంత దిగుతోంది. ఏప్రిల్ ఎండకు ఆవిరవుతుంది కదా అని మనసులో ఒకడు అన్నాడు గానీ వాడి నోరు నొక్కేశాను. తర్వాత చక్కెర. బయట చక్కెర కోసం రేషను షాపు ముందు పొద్దుటి నుంచి లైన్లు కడుతుంటే గట్టయ్య షెడ్డులో కాచే చాయ్ మాత్రం తియ్యగా ఉంటుంది. ఎక్కడిదంటే "మా ఇంటికెల్లి తెస్త సార్" అంటాడు. మా సీసాలోని శుద్ధమైన చక్కెర తీసుకుని, బదులు దుకాణం చక్కెర పోస్తున్నాడేమో. ఒకరోజు నాలుక మీద వేసుకుని చూశాను. చక్కెర చక్కెరలాగే ఉంది, దాంతో అనుమానం ఇంకా పెరిగింది. ఆ తర్వాత ఎలుకలు. పంజరాల ముందు కూర్చుని జొన్నరొట్టె తుంచి పెడుతుంటాడు, దగ్గొస్తే మొహం పక్కకు తిప్పుకుని దగ్గి, మళ్లీ పెడతాడు. కోయబోయే ఎలుకతో అంత స్నేహం ఎందుకు? అనుమానం పెనుభూతం అంటారు, నిజమే, రాత్రి అన్నం ముందు కూర్చుని ఇవన్నీ చెబుతుంటే అహల్య, నా భార్య, గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "అన్నం తినేటప్పుడైనా గట్టయ్యను ఇడిసిపెట్టరాదు?" అంది. దానికేం తెలుసు, దాని కూరలో గోధుమరంగు తేలదుగా.

మూడు గంటల సైరను కూసింది. యంత్రం కూడా ఆగింది. ట్యూబు తీసి కిటికీ వెలుతురుకు పట్టాను, అడుగున దుమ్ముతో నల్లబడ్డ చిన్న ముద్ద, పైన గంజిలాంటి ద్రవం. ముద్ద కదలకూడదు. ఊపిరి బిగపట్టి మెల్లగా వంచి పైదాన్ని బీకరులోకి వంపాను, మళ్లీ చల్లటి చక్కెర నీళ్లు పోసి ముద్దను కలిపాను, మళ్లీ గిర్నీలో పెట్టాను. చూడు, నేనూ గిర్నీ అంటున్నాను. బయట మొదటి షిఫ్టు వాళ్లు బాయిలోంచి ఎక్కి వస్తున్నారు, టోపీలు చంకన పెట్టుకుని, కళ్ల చుట్టూ కాటుక పెట్టినట్టు నల్లగా. ఇక్కడ బాయంటే నీళ్ల బాయి కాదు, బొగ్గు గని. మా మంథనికి ఇరవై మైళ్లు కూడా లేదు ఈ ఊరు, అయినా మా వాళ్లెవరూ ఆ బాయి దిగలేదు, గుళ్లోనో బళ్లోనో ఆఫీసులోనో కూర్చున్నారు. ఆ గుంపులో రాజం ఉన్నాడేమో అని తొంగి చూశాను. యూనియన్ మనిషి. నెల కిందట ఈ కిటికీ దగ్గరే గట్టయ్యతో గుసగుసలాడుతుంటే పట్టుకున్నాను, నన్ను చూసి ఏమాత్రం జంకకుండా నవ్వాడు.

"మీ ఎలుకలు ఎవలి దిక్కు సాక్ష్యం చెప్తయ్ సార్?" అన్నాడు.

సరదాకే అన్నాడని అప్పుడు అనుకున్నాను. రెండు రోజులు పోయాక ఆ మాట లోపల మొలకెత్తింది. దుమ్ము వల్ల కేంద్రకం మారుతుందని తేలితే కార్మికుల పక్షం సంతోషిస్తుంది, మారదని తేలితే కంపెనీ పక్షం. గట్టయ్య ఏ పక్షమో అడగాలా? బెల్లంపల్లిలో పదేళ్లు, ఇక్కడ పదేళ్లు బొగ్గు కొట్టినవాడు, ఛాతీ ఎక్స్‌రే చూసి దవాఖాన డాక్టరు చిట్టీ రాసిస్తే బాయి దిగక్కర్లేని ఈ సర్ఫేస్ పనికి వచ్చినవాడు. వాడి ఊపిరితిత్తుల్లో ఏముందో నా ఎలుకల ఊపిరితిత్తుల్లోనూ అదే ఉంది. కేంద్రకంలో ఏదో ఒకటి తేలాలని వాడికి ఉండదా? ఉంటుంది. తేల్చడానికి ఒక చుక్క అటుది ఇటు పోస్తే చాలు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు. హైదరాబాదు నుంచి కిందటి వారం వచ్చిన ఉత్తరం నా జేబులోనే ఉంది, నెలాఖరులోగా శుభ్రమైన కేంద్రకాలు చూపించలేకపోతే ఈ యూనిట్ మూసేస్తాం, మీ విషయం మీరు చూసుకోండి అని. చూసుకున్నాను. చిట్టీలో రాసింది ఇదే: గట్టయ్య నమ్మదగిన మనిషి కాడు, ప్రయోగాలను కావాలనే చెడగొడుతున్నాడని నా అనుమానం, దయచేసి ఇక్కడి నుంచి తీసేయగలరు. మూడు వాక్యాలు, కింద వామనరావు అని సంతకం. కవరు కూడా పెట్టలేదు, మడిచి ఇచ్చాను, వాడికి చదువు రాదు కదా. ఇక్కడి నుంచి తీసేస్తే వాడు ఎక్కడికి పోతాడో నాకు తెలుసు, మళ్లీ బాయిలోకే. తెలిసే రాశాను. రాసేటప్పుడు చెయ్యి ఒకసారి ఆగింది, అయినా రాశాను.

రెండోసారి తిరగడం అయింది. పైది వంపి, ముద్దను పగలగొట్టి, కొంచెం తీసి, మందు కలిపి వెచ్చటి నీళ్ల తొట్టిలో పెట్టాను. ఇది పావుగంట, తర్వాత ఇంకో మందుతో మరో పావుగంట, ఆఖరున క్షారం పోస్తే రంగు చెబుతుంది. తొట్టి ముందు స్టూలు వేసుకుని కూర్చుంటే చెమట మెడ మీద నుంచి బనీనులోకి కారుతోంది. మా అమ్మ విశాలాక్షమ్మ నూనె సీసాకు నల్ల దారం కట్టేది. నూనె దారం కంటే దిగితే పనిమనిషి పోశవ్వను పిలిచి ఏమీ అడిగేది కాదు, ఊరికే దారం వైపు చూసేది, పోశవ్వ కూడా దారం వైపు చూసేది. నేను పెన్సిలు గీత పెట్టింది అక్కడి నుంచే వచ్చింది కాబోలు. మడి కట్టుకుని వంట చేసే మనిషి, ఇంట్లో బియ్యం లేకపోయినా లేవని ఒక్కనాడూ అనలేదు, నిండుకున్నాయి అనేది. చారు గిన్నె నేను వంచుకుంటుంటే వంటింట్లోంచే తెలిసిపోయేది ఆమెకు, "అడుగు కనపడేట్టు ఒంపుకోకురా వామనా, లక్ష్మి పోతది" అని కేక. చెయ్యి అక్కడికి ఆగేది. ఎన్ని వేలసార్లు ఆగిందో.

రెండో మందు పోశాను. మూడూ నలభై. ఆఫీసుకు పోవడానికి పది నిమిషాలు, రావడానికి పది నిమిషాలు, ఇంకా రాలేదంటే గట్టయ్య ఎక్కడికి పోయినట్టు? కల్లు దుకాణం ఆ దారిలోనే ఉంది. రాజం క్వార్టరు కూడా ఆ దారిలోనే. చిట్టీ రాజం చేతిలో పెట్టి ఉంటాడా? రాజం చదివి ఉంటాడా? చదివితే ఏమవుతుంది, పదిమందిని వెంటబెట్టుకుని షెడ్డు ముందుకొస్తాడా? కిటికీ రెక్క వేశాను. ఉక్క పోసింది, మళ్లీ తీశాను. రానీ, ఎంతమందైనా రానీ, ఇంకో పావుగంటలో నా చేతిలో రుజువు ఉంటుంది. గట్టయ్య ముట్టని ఐసు, గట్టయ్య ముట్టని చక్కెర, గట్టయ్య రొట్టె తినని ఎలుక, దాన్ని విడిగా పెట్టి వారం రోజులు నేనే మేపాను. రంగు తేలదు. తేలకపోతే ఆ తెల్లటి ట్యూబే చెబుతుంది ఎవరు దొంగో.

క్షారం పోశాను. మొదట ఏమీ లేదు. తర్వాత అడుగు నుంచి మెల్లగా, పలుచటి చాయ్ డికాషన్‌లా మొదలై, చూస్తుండగానే చిక్కబడింది. గోధుమరంగు. నిన్నటి ట్యూబు పక్కన పెట్టి చూశాను, మొన్నటిది పెట్టి చూశాను. రవ్వంత తేడా లేదు.

ఎవరు వచ్చారు? తలుపు వైపు చూశాను, గడియ వేసే ఉంది. ఐసు ఫ్యాక్టరీ వాడు ఐసులో ఏమైనా... ఎలుకను పంపిన వాళ్లు... రాత్రి ఎవరైనా తాళం తీసి... నోరు పిడచకట్టుకుపోయింది. మూలనున్న చెంబు అందుకుని గ్లాసులోకి వంచాను, తాగాను, ఇంకా దాహం, మళ్లీ వంచాను, తాగాను, చెంబు కింద పెట్టాను. పెట్టాక చూశాను. చెంబు అడుగున నీళ్లున్నాయి. దాహం తీరలేదు, నీళ్లున్నాయి, నా చెయ్యి మాత్రం చెంబు కింద పెట్టేసింది. ఎవరు పెట్టమన్నారు? యంత్రంలో బరువు సరిచూడటానికి ఎదురుగా పెట్టే నీళ్ల ట్యూబు తీసుకుని మొత్తం పారబోద్దామని వంచాను. పోసింది పోసింది, చెయ్యి ఆగింది, ట్యూబు నిలబెట్టి చూస్తే అడుగున వేలెడు నీళ్లు. మళ్లీ నింపాను, మళ్లీ వంచాను. మళ్లీ వేలెడు. ముద్ద లేదు, కదులుతుందన్న భయమూ లేదు, వట్టి నీళ్లు, అయినా చెయ్యి అక్కడికే ఆగుతోంది. వంపేశాను అనుకున్న ప్రతిసారీ మూడోవంతు కణద్రవ్యం ముద్ద మీదే ఉండిపోయింది. కడిగినప్పుడు మళ్లీ మూడోవంతు. లెక్క కడితే పదోవంతుకు దగ్గరగా వస్తుంది. హైదరాబాదులో పైద్రవాన్ని పీల్చేయడానికి పంపు ఉండేది, గొట్టం పెడితే చివరి చుక్క దాకా అదే లాగేసేది, నా చేతికి వంపే పని పడలేదు. ఇక్కడ పంపు లేదు, మా అమ్మ నేర్పిన చెయ్యి ఉంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు గట్టయ్యను ఓడన్నాను.

నవ్వొచ్చింది, నిజంగానే పైకి నవ్వాను, ఆ నవ్వు సగంలోనే పోయింది. చిట్టీ ఈపాటికి లింగమూర్తి బల్ల మీద ఉంటుంది. అది తప్పని చెప్పాలంటే, ఆరు నెలల ప్రయోగాలు, హైదరాబాదుకు పంపిన కాగితాలన్నీ, నా చెయ్యే చెడగొట్టిందని చెప్పాలి. ట్యూబు వంపడం రాని ఎమ్మెస్సీ అంటారు. చెప్పకపోతే? ఆ ఆలోచన ఎంత మెల్లగా వచ్చి పక్కన కూర్చుందో. చెప్పకపోతే సోమవారం గట్టయ్య ఉండడు, ఇంకెవరినో ఇస్తారు, నేను గాజు గొట్టంతో చివరి చుక్క దాకా తీసేస్తాను, రంగు పోతుంది, హైదరాబాదు డాక్టరు గారు సంతోషిస్తారు, ఆ మనిషిని తీసేయగానే శుభ్రపడింది చూశారా అని లింగమూర్తి పదిమందికి చెబుతాడు. అబద్ధానికి రుజువు దానంతటదే పుడుతుంది, నేను నోరు తెరవక్కర్లేదు. ఇన్నాళ్లు అందరినీ అనుమానించాను గానీ, నాలో ఇలాంటి మనిషి ఉన్నాడని మాత్రం అనుమానించలేదు. భయమేసింది, చాలా భయమేసింది.

తలుపు చప్పుడైంది. గడియ తీశాను. గట్టయ్య. ఒక్కడే ఉన్నాడు, వెనక రాజమూ లేడు, ఎవరూ లేరు. తుండుతో మొహం తుడుచుకుని, గుమ్మం దగ్గరే ఆగి దగ్గాడు. కల్లు వాసన లేదు, చెమట వాసన.

"ఇచ్చిన సార్. లింగమూర్తి సార్ సదివి, సోమారం నుంచి బాయి దిగుమన్నడు. జర లేటైంది. చౌరస్తల నిలవడి సదివేవరకు సేపు పట్టింది."

"ఎవరు చదివారు?"

"నేనే సార్. మా బిడ్డ సారలమ్మ బడికి పోయెటప్పుడు దాంతోని జరజర నేర్చుకున్న. అక్షరం అక్షరం కలుపుకోవాలె. నాలుగుసార్లు సదివిన, నా పేరేనా అని."

అందులో ఏముందో తెలిసి, అది తనను మళ్లీ ఆ చీకట్లోకి దింపుతుందని తెలిసి, ఈ మనిషి దాన్ని తీసుకుపోయి చేతికిచ్చి వచ్చాడు. చింపి మురిక్కాలవలో పారేసి, ఇచ్చానని చెబితే నాకేం తెలిసేది?

"మరి ఎందుకిచ్చావు గట్టయ్యా?"

"ఇయ్యకపోతె మీరు రాసింది నిజమైతది గద సార్."

కోపంగా అనలేదు. షిఫ్టు ఎన్నింటికో చెప్పినట్టు చెప్పాడు. నేను ట్యూబు చూపించాను, వేలెడు నీళ్లు చూపించాను, తప్పు నాదే, నా చెయ్యే అడుగున వదిలేస్తోంది, నువ్వేం చెయ్యలేదు అని ఏదేదో చెప్పాను. ఆయన ట్యూబు వైపు చూసి తలూపాడు.

"అది ఆర్నెల్ల సంది చూస్తనే ఉన్న సార్. మీ ఇండ్లల్ల నేమం గావచ్చు అనుకున్న. అడిగితె ఏమనుకుంటరో అని అడగలే."

ఆరు నెలలుగా నేను ఆయన చేతులను చూస్తూ ఉన్నాను, ఆయన నా చేతులను చూస్తూ ఉన్నాడు. నేను చూసిందంతా అబద్ధం, ఆయన చూసిందే నిజం. అడగడానికి భయపడేలా చేసింది నేనే. గడియారం నాలుగున్నర చూపిస్తోంది, ఆఫీసు ఐదింటిదాకా ఉంటుంది. కాగితం లాగి, గట్టయ్య తప్పు ఏమీ లేదు, ఆరు నెలల ప్రయోగాల్లో పొరపాటు నాదే, నా చేతిదే అని రాశాను. ఈసారి చెయ్యి ఆగలేదు.

"పద, ఇద్దరం పోదాం. లింగమూర్తికి నీ ముందే చెబుతాను."

"మీరు పోయి రాండ్రి సార్. నేనొస్తె నేనే రాయిచ్చిన్నంటరు. ఈడ బయట కూసుంట." వరండా మెట్టు మీద తుండు పరుచుకుని కూర్చున్నాడు. "తాళం ఏసుకొని పోండ్రి. మీరొచ్చేదాంక నేనొక్కన్నే ఉంట. లోపల ఏమన్న ఒకటి తక్కువైతె మల్ల నా మీదికే వస్తది."

తాళంచెవి ఆయనకు ఇవ్వబోయాను. ఆయన చేతులు రెండూ చంకల్లో పెట్టుకున్నాడు. ఎంత బతిమాలినా తీయలేదు. ఇంక చేసేది లేక, ఆయన ముందే తలుపు మూసి తాళం వేశాను.

"ఒకసారి గుంజి చూడుండ్రి సార్," అన్నాడు.

ఆయన చూస్తుండగా గుంజి చూశాను.